నొక్కితే తెల్లబడే చోటు

దెయ్యాలు అర్ధరాత్రే వస్తాయని ఎవరన్నారో గానీ, వాళ్ళు మా వార్డులో ఒక్క మధ్యాహ్నం డ్యూటీ చేసుండరు. కిటికీల్లేని గది. పగలైనా రాత్రైనా అదే ట్యూబ్‌లైటు వెలుతురు, అదే స్పిరిట్ వాసన. ఆరు మంచాలు, మధ్యలో ఆకుపచ్చ పరదాలు. పద్దెనిమిదేళ్ళుగా అక్కడ నర్సును. నాకు నోరెక్కువని పేరు.

ఆ రోజు మూడో మంచం మీద మా తమ్ముడు. అద్దాల కొట్లో పని వాడిది. అద్దం పలక జారి మెడ తెగింది, గాయం కుళ్ళింది. మా సర్జన్ గారు వాడి ఛాతీ మీది కండను చర్మంతో సహా పైకి తిప్పి, మెడ మీద కప్పి కుట్టారు. దాన్ని మేం ఫ్లాప్ అంటాం. దాని ప్రాణమంతా కండతో పాటు వచ్చిన ఒక్క సన్నటి రక్తనాళంలో ఉంటుంది. అది నలిగితే ఫ్లాప్ చచ్చిపోతుంది. అప్పుడు కిందున్న మెడలోని పెద్ద రక్తనాళం బయటపడుతుంది. అదీ పగిలితే ఇక మనిషి దక్కడు.

అందుకే గంటగంటకూ వేలితో నొక్కి చూడాలి. నొక్కిన చోటు తెల్లబడి, మూడు లెక్కపెట్టేలోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి. ఆ సంగతి కాగితం మీది గడిలో రాసి సంతకం పెట్టాలి. ఊపిరి కోసం గొంతులో పెట్టిన గొట్టాన్ని మామూలుగా మెడ చుట్టూ నాడాతో కడతాం. ఫ్లాప్ ఉన్నవాళ్ళకు మాత్రం కట్టకూడదు, నాడా ఆ సన్నటి నాళాన్ని నలిపేస్తుంది. గొట్టాన్ని చర్మానికి కుట్టేయాలి.

ఈ రూలు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. మూడేళ్ళ కిందట నాలుగో మంచం మీద గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉండేవారు, ఆయన మెడ మీదా ఇలాంటి ఫ్లాపే. గొట్టం కుట్టు ఊడితే, అలవాటు చొప్పున నాడా కట్టేశాను. ఒళ్ళు హూనమై ఉందేమో, మూడు గంటల గళ్ళు కూర్చున్నచోటే నింపేశాను. గులాబీ రంగు, వెచ్చగా ఉంది అని. ఆయనకు గొట్టం వల్ల మాట రాదు. మంచం కడ్డీ మీద గోటితో కొట్టారు. టక్... టక్... నేను పరదా ఇవతల నుంచే విసుక్కున్నాను, వస్తున్నాగా, కాస్త ఆగలేరా అని. వెళ్ళి చూసేసరికి ఫ్లాప్ కమిలిపోయి ఉంది. ఎవరూ రాకముందే నాడా కోసి జేబులో దాచేశాను. ఐదో రోజు మెడ నాళం పగిలి ఆయన పోయారు. కాగితంలో అంతా సవ్యంగా ఉంది కదా, నన్నెవరూ తప్పుపట్టలేదు. పైగా ఆయన కూతురు నా చేతులు పట్టుకుని, మా నాన్నను కన్నతండ్రిలా చూసుకున్నారమ్మా అని ఏడ్చింది.

ఇక తమ్ముడి సంగతి. పన్నెండింటికి బాగానే ఉంది. ఒంటిగంటకు నొక్కబోయాను. నా వేలు ఇంకా తగల్లేదు... ఫ్లాప్ మీద తెల్లటి వేలిముద్ర పడింది. మెల్లగా పూడింది.

గొట్టం వల్ల తమ్ముడికీ మాట రాదు, పక్కనున్న రాత పలక అందుకుని రాశాడు. 'ఎన్నిసార్లు నొక్కుతావక్కా? నీ చెయ్యేంటి ఐసులా ఉంది?'

కాగితం లాగి చూశాను. రెండు, మూడు, నాలుగు గంటల గళ్ళు అప్పుడే నిండిపోయి ఉన్నాయి. నా దస్తూరి. నా సంతకం.

టక్... టక్...

నాలుగో మంచం వైపు నుంచి. పొద్దున్నే ఖాళీ అయిన మంచం అది. పరదా లాగాను. ఎవరూ లేరు. కడ్డీ మీద చెయ్యి వేస్తే ఇంకా సన్నగా అదురుతోంది.

వెనక్కి తిరిగాను.

తమ్ముడి మెడ చుట్టూ తెల్ల నాడా. రెండు చుట్లు, పక్కకు ముడి. నేను వేసే ముడే అది. ఫ్లాప్ వంకాయ రంగుకు తిరుగుతోంది. జేబులో కత్తెర లేదు. వేళ్ళతో లాగితే ముడి ఇంకా బిగుసుకుంది. వంగి పళ్ళతో కొరికాను... నాడాకు పాత నెత్తురు వాసన.

"తప్పు నాదే," అని గొణిగాను. "మీ అమ్మాయికి నిజం చెప్పేస్తాను. మొత్తం చెప్పేస్తాను. వీణ్ణి వదిలెయ్యండి... మీ కాళ్ళు పట్టుకుంటాను."

నాడా తెగింది. లెక్కపెట్టాను. ఒకటి... రెండు... తొమ్మిది... పది... గులాబీ రంగు వచ్చింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

సర్జన్ గారు వచ్చారు. తెగిన నాడా చూసి, ఇది ఎవరు కట్టారని అడిగారు.

"పొద్దుటి డ్యూటీ వాళ్ళేమో సార్," అనేశాను.

అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట! తమ్ముడు పలక మీద ఏదో రాశాడు. నా ముఖం చూసి చెరిపేశాడు.

నెలన్నర అయింది. వాడిప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. మాట వచ్చింది, వెటకారమూ వచ్చింది. మెడ మీద ఛాతీ వెంట్రుకలు మొలుస్తుంటే, గడ్డం కిందికి జారిందక్కా అని నవ్విస్తాడు. పెద్దాయన కూతురి నంబరు నా దగ్గరుంది. రోజూ తీస్తాను. ఎలాగూ వీడు బాగానే ఉన్నాడుగా, రేపు చేద్దాంలే అని పెట్టేస్తాను.

కానీ గంటకోసారి వాడి మెడ మీద తెల్లటి వేలిముద్ర పడుతోంది. వాడికి తెలీదు. మొదట్లో మూడు లెక్కపెట్టేలోపు రంగు వచ్చేసేది. మొన్న పదకొండు.

ఇవాళ భోజనం చేసి కుర్చీలోనే కునుకు తీశాడు. ఎదురుగా కూర్చుని లెక్కపెడుతున్నాను. నలభై దాటింది... ఇంకా తెల్లగానే ఉంది.