పై మూరెడు నీళ్లు

మొదటి పరిచయంలోనే ఆమె అతని షూస్ మీద బకెట్ నీళ్లు ఒంపేసింది. పడవ ఊగిందని ఆమె అంటుంది. ఆ రోజు సముద్రం అద్దంలా ఉందని అతను అంటాడు.

ఇద్దరిదీ ఒకటే ల్యాబ్. నది వచ్చి కలిసే చోట సముద్రం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఎంత పీల్చుకుంటోందో కొలవడం వాళ్ల పని. అతనిది మెషీన్. పడవ అడుగున ఉన్న పైపుతో పంపు సముద్రపు నీళ్లు తోడుతుంటే స్క్రీన్ మీద అంకెలు వస్తాయి. ఆమెది బకెట్. నీళ్లు ముంచి, గాలి బుడగ మిగలకుండా సీసాలు నింపి బిగిస్తుంది. అతను ఆమెకు బకెట్ మేడమ్ అని పేరు పెట్టాడు. ఆమె అతన్ని మెషీన్ గారూ అని పిలిచింది. లెక్క సరిపోయింది.

వరదలు మొదలయ్యాక మాత్రం సరిపోలేదు. సముద్రం కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి వదులుతోందని మెషీన్ చెప్పింది. కాదు, పీల్చుకుంటోందని సీసాలు చెప్పాయి. ల్యాబ్ పెద్దాయన రెండూ చూసి, సీసాలే పాడై ఉంటాయని తేల్చారు. వచ్చే ట్రిప్‌లోనూ అంకెలు కలవకపోతే సీసాల పని ఆపేద్దామన్నారు. అది ఆగితే ఆమె ఉద్యోగమూ ఆగుతుంది.

ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త నిద్రయినా పట్టేది.

ట్రిప్ రోజు సన్నగా వాన. పడవ బురద నీళ్లు దాటి ఆకుపచ్చ నీళ్లలోకి వెళ్లింది. ఆమె బకెట్ దించుతుంటే అతను ఊరికే వెనక్కి తొంగి చూశాడు. ఇంజిన్ చిలికిన చోట ఆకుపచ్చ చీలి, కింది నుంచి నీలం పైకి తేలుతోంది. నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"నోట్లో వాన పడుతుంది," అందామె.

"మీరు ఎంత లోతు నుంచి ముంచుతారు?"

"పై మూరెడు. మొదటి రోజే చెప్పాను. మీరు షూస్ తుడుచుకుంటున్నారు."

అతనికి అప్పుడు వెలిగింది. నది నీళ్లు తేలిక, ఉప్పు నీళ్ల మీద పలచటి పొరలా పరుచుకుంటాయి. బురద దిగిపోయాక ఆ పొరలో ఎండ తగిలి కంటికి కనపడని మొక్కలు పెరుగుతాయి. పీల్చుకునేది అవే. తన పంపేమో వాటి కింద నీళ్లు తోడుతోంది.

పడవ నడిపే అన్నను బతిమాలి ఇంజిన్ ఆపించాడు. పంపు పైపు మూతిని పైకి తీసి ఒక ఖాళీ డబ్బాకు కట్టి నీళ్ల మీద తేలేలా వదిలాడు. స్క్రీన్ మీద అంకె దిగడం మొదలుపెట్టింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అంకెనూ దాటి ఇంకా దిగింది. అంటే సముద్రం పీల్చుకుంటోంది. ఆమె అతని చొక్కా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు.

అక్కడి నుంచే పెద్దాయనకు ఫోన్ చేశాడు. "సార్, సీసాలు బాగానే ఉన్నాయి. తప్పు నా పైపుది." ఆయన అన్నీ అడిగి తెలుసుకుని, ఇకనుంచి రెండు పనులూ సాగాలన్నారు.

ఆమె కళ్లు తుడుచుకుంది, వాన మీద నెపం పెట్టి. "నా మాట విని ఇంజిన్ ఆపించింది మీరొక్కరే. థాంక్సండీ."

"నేను చెప్పాలి థాంక్స్. మీరు లేకపోతే ఈ సముద్రం గురించి అబద్ధం రాసేవాణ్ణి." తన షూస్ వైపు చూసుకున్నాడు. "ట్రిప్ లేని రోజుల్లో కూడా మీ పక్కనే ఉండాలనుంది."

"ఆ మాట మా నాన్నకు చెప్పండి. రేవులో గొడుగు పట్టుకుని ఉంటారు."

నిజంగానే ఉన్నారు. ఆయన టైలర్, ముందు అతన్ని కళ్లతోనే కొలిచేశారు. తర్వాత షూస్ చూశారు.

"తడిసిన షూస్ అబ్బాయివి నువ్వేనా బాబూ? ఇంట్లో రోజూ నీ మీదే ఫిర్యాదు. ఇంత ఫిర్యాదు ఊరికే ఉండదని వాళ్లమ్మ అంటూనే ఉంది."

అతను తడబడుతూ చెప్పాల్సింది చెప్పాడు. ఆయన విని, గొడుగు అతని చేతిలో పెట్టి వానలోకి నడిచారు.

"నాన్నా, తడుస్తావు."

"ఇల్లు దగ్గరేనమ్మా. మీరు మెల్లగా రండి."

గొడుగు చిన్నది. అతని భుజం పూర్తిగా తడిసిపోయింది. నదికి అన్ని నీళ్లిచ్చిన ఆ వానకు అతను మనసులోనే దండం పెట్టుకున్నాడు.