నీళ్లున్న చెంబు

"ఆ ఖాళీ చెంబు ఇటియ్యి పాపా. ఈ పొద్దు నిజం నీళ్లతోనే చేద్దాం" అన్నాడు నాగన్న సారు.

వేంపల్లె సినిమా డేరాలో రిహార్సలు జరుగుతోంది. సాయంత్రం ఆట మొదలయ్యేదాకా స్టేజీ బడిపిల్లలదే. నాటకం పేరు 'ఊరి బావి'. స్వాతంత్ర్యం రాకముందు, అంటరానివాళ్లంటూ ఊరు దూరం పెట్టినవాళ్లు ఊరి బావి నీళ్ల కోసం ఎలా నిలబడ్డారో అందులో కథ. అంటరానితనం పాటిస్తే నేరమని పోయిన సంవత్సరమే చట్టం వచ్చింది. అందుకే సారుకు ఈ నాటకం మీద అంత పట్టుదల.

బావి కోసం పోరాడే అమ్మాయి వేషం రాహేలమ్మది. వాళ్ల ఇల్లు ఊరి బయటి పేటలో ఉంది. చివర్లో ఆమె చేతికి చెంబు అందించే పెద్దరైతు కూతురి వేషం ఓబులమ్మది. ఓబులమ్మ నిజంగానే పెద్దరైతు కూతురు కాబట్టి నటించడానికి పెద్ద కష్టమేమీ లేదు. వారం నుంచీ ఖాళీ చెంబు చక్కగా అందిస్తోంది.

"ఈ నీళ్లకు మీరెవరో తెలీదు, మేమెవరో తెలీదు. దాహమొక్కటే తెలుసు" అని రాహేలమ్మ గొంతెత్తి చెప్పి, చేతులు చాచింది.

ఓబులమ్మ ముందుకొచ్చింది. నిండు చెంబు పైకెత్తి, రాహేలమ్మ చేతులకు తగలకుండా, పైనుంచి నీళ్లు పోసింది.

రాహేలమ్మ తడిసిన చేతులు వెనక్కి తీసుకుంది. "నేనీ వేషం వెయ్యను సారూ" అని సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

"నేనేం చేసినా సారూ? నీళ్లే కదా పోసింది?" అంది ఓబులమ్మ.

"అట్ల పొయ్యడం యాడ నేర్చుకున్నావో ఇంటికి పోయి చూడు" అన్నాడు సారు. ఆదివారమే నాటకం. రాహేలమ్మ రాకపోతే నాటకమే లేదు.

ఓబులమ్మ ఇంటికి వచ్చేసరికి, పేట నుంచి వచ్చి వాళ్ల చేలో పనిచేసే పుల్లన్న మెట్ల కింద వంగి దోసిలి పట్టాడు. ఓబులమ్మ నాయనమ్మ హంపమ్మవ్వ అరుగు మీద నుంచి చెంబెత్తి నీళ్లు పోస్తోంది. రోజూ చూసేదే. కానీ అవ్వ చెయ్యి ఎలా లేచిందో, స్టేజీ మీద తన చెయ్యీ అలాగే లేచింది. సిగ్గుతో ఓబులమ్మకు ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు పేటకు వెళ్లింది. రాహేలమ్మ మేకకు ఆకు వేస్తోంది.

"నాది తప్పే రాహేలమ్మా. మా ఇంట్లో అట్లే పోస్తారు. నాకూ అదే వచ్చేసింది. నువ్వు రావాల."

"నాటకంలో చెంబు చేతికిస్తావు. ఇంటికాడ మళ్లా ఎత్తి పోస్తారు. ఆ మాత్రానికి నేనెందుకు?"

ఓబులమ్మ తనూ కొంచెం ఆకు తీసి మేకకు వేసింది. అక్కడి నుంచి కదల్లేదు. మేక ఆకంతా తినేసింది.

"వస్తాలే" అంది రాహేలమ్మ చివరికి. "నీ కోసం కాదు. నాకా మాటలంటే ఇష్టం."

ఆదివారం డేరా నిండిపోయింది. ఓబులమ్మ చెంబును రాహేలమ్మ చేతుల్లో పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో హంపమ్మవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంటికొచ్చేదాకా "శానా బాగా చేసినారే" అంటూనే ఉంది.

మర్నాడు పుల్లన్న ఎండలో నడిచొచ్చి మెట్ల కింద వంగాడు. అవ్వ ఎప్పటిలాగే చెంబు తెచ్చింది.

ఓబులమ్మ అవ్వ చేతిలోంచి చెంబు తీసుకుంది. మెట్లు దిగి, పుల్లన్న ముందు నిలబడింది.

"పట్టుకో పుల్లన్నా."

పుల్లన్న పట్టుకోలేదు. భయంగా అవ్వ వైపు చూశాడు.

"ఏమే ఇది?" అవ్వ గొంతు గట్టిగానే ఉంది.

"నిన్న ఇట్ల ఇస్తేనే కదవ్వా, నువ్వు ఏడ్చినావు?"

అవ్వ చెయ్యి కొంగు మీదికి పోయింది. పుల్లన్న అది చూసి, మెల్లగా చెంబు అందుకున్నాడు. నడుం నిటారుగా పెట్టి, నిలబడే తాగాడు. ఒక్క చుక్క మిగల్చలేదు.

అవ్వ ఆ ఖాళీ చెంబు వైపు చూసింది.

"ఎండలో పడొచ్చినాడు. ఇంకో చెంబు ఇయ్యి" అంది.

ఓబులమ్మ పుల్లన్న తాగిన ఆ చెంబునే ఇంట్లోవాళ్లు తాగే కడవలో ముంచింది.