అతిథి కూరిన మందు

"శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఇద్దరు మంత్రులు చస్తారు," అంది కర్నల్ దామిరా, టీలో చక్కెర కలుపుకుంటూ. "ఎవరు చంపుతారో తెలుసు. దేనితోనో ఇందాకే తెలిసింది."

ఏజెంట్ కెనేష్ ముందుకు ఒక ఫోటో తోసింది. మూతిలోంచి మందు కూరి, వత్తితో అంటించే పాతకాలపు తుపాకీ. కింద జింకకొమ్ముల ఊత.

"ఇది మా నాన్నది!"

"ఇప్పుడు నీ తమ్ముడు అజాత్‌ది."

పుండు మీద కారం చల్లినట్టయింది కెనేష్‌కి. తండ్రి గుడారం, పొయ్యి, గోడనున్న తుపాకీ, అన్నీ ఆఖరి కొడుక్కే దక్కాలట. ఎవడు పెట్టాడో ఈ ఆచారం! ఆ తుపాకీ ముత్తాతకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు కానీ, అది తనకు రాలేదన్న సంగతి పద్నాలుగేళ్లుగా కెనేష్ ఒక్క పూట కూడా మరిచిపోలేదు.

కర్నల్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. నారిన్ కొండ మీద రెండు దేశాల మంత్రులు నదీజలాల ఒప్పందం మీద సంతకం చేస్తారు. దాన్ని చెడగొట్టడానికి విదేశీ ముఠా ఒకటి దిగింది. నాయకుడు ప్రొఫెసర్ లుడ్విక్, పాత ఆయుధాలు సేకరించేవాడి వేషం. పక్కన తుపాకుల నిపుణురాలు సాల్కిన్.

"సాల్కిన్ మన మనిషేగా?"

"వాళ్ల మనిషి కూడా. ఎక్కువ ఎవరి మనిషో నువ్వు తేల్చు."

"సభ ఆపేస్తే పోలా?"

"ఆధారం లేకుండా ఆపితే ఒప్పందం ఆగుతుంది. వాళ్లకు కావలసిందీ అదే కదయ్యా!"

శనివారం పదకొండింటికి కెనేష్ తేనె వ్యాపారి వేషంలో కొండెక్కాడు. టోపీలో వైర్‌లెస్, మొహానికి బారెడు గడ్డం.

"అన్నా!" గుడారం గుమ్మంలోంచే కేకేశాడు అజాత్. "ఆ గడ్డమేంటి, మేకను అద్దెకు తెచ్చుకున్నావా?"

డిపార్ట్‌మెంట్ వేషం మూడు సెకన్లలో గంగలో కలిసింది. కెనేష్ గడ్డం పీకి జేబులో పెట్టుకుని లోపలికి నడిచాడు. అజాత్‌ను ఆనుకుని సాల్కిన్ కూర్చుంది. ఎర్ర శాలువా. మూలన లుడ్విక్ మనుషులిద్దరు. ఒక చెయ్యి తుపాకీ మీద, ఇంకో చెయ్యి దాదాపు అజాత్ మోకాలి మీద. రెండేళ్ల కిందట ఓష్ నగరంలో ఒక మిషన్ కోసం ఆమె, కెనేష్ పదమూడు రోజులు మొగుడూ పెళ్లాల్లా నటించారు. ఆ కాపురం ప్రభుత్వ ఖర్చుతో జరిగిందన్న సంగతి కెనేష్ మనసుకు ఇంకా ఎక్కలేదు.

"ఈ ఏడు తేనె ఎలా ఉందండీ?" కోడ్ మాట వదిలాడు.

"తియ్యగా ఉంది. మీ తమ్ముడిలాగే."

చేదుగా ఉందంటే క్షేమం. తియ్యగా అంటే ప్రమాదం. కానీ కెనేష్ చెవికి రెండో వాక్యమే వినపడింది. ఒళ్లు భగ్గుమంది. మొదటి వాక్యం బుర్రకెక్కేసరికి పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నె సగం ఖాళీ అయింది.

"పూర్వం ఈ కొండల్ని ఏలిన కోకంద్ ఖాన్ ఇచ్చిన తుపాకీ అట అన్నా!" అజాత్ ఛాతీ విరుచుకున్నాడు. "సాల్కిన్ గారు ముద్ర చూసి చెప్పారు. పన్నెండింటికి ఒప్పందానికి గుర్తుగా మంత్రుల మధ్య నిలబడి పేలుస్తా. మందు కూడా ప్రొఫెసర్ గారే స్వయంగా కూరారు."

"కూరే కడ్డీ వేసి చూశావా? ఎంత లోతు దిగింది?"

"అతిథి కూరిన మందు కొలుస్తారా అన్నా ఎవరైనా? ఆయన మొహాన ఉమ్మేసినట్టు కాదూ! ఖాన్ తుపాకీ నాకొచ్చిందని ఓర్వలేకపోతున్నావు. చెప్పెయ్."

అందులో అబద్ధమేముంది? అనుకున్నాడు కెనేష్. నిజానికి ఈ కొండల మీద ఏ మగాడూ అతిథి చేతి పని తిరగదోడడు. లుడ్విక్ పుస్తకాలు చదివి నేర్చుకున్నది సరిగ్గా ఇదే.

పన్నెండుకు నిమిషం. మైదానం నిండా జనం. మంత్రుల మధ్య అజాత్ ఊత పాతాడు. కొక్కెంలో వత్తి ఎర్రగా రాజుకుంటోంది. సాల్కిన్ కళ్లు అజాత్ మీంచి కదలడం లేదు. పేలితే పేలనీ అనుకున్నాడు కెనేష్. ఒక్క క్షణమే అనుకున్నాడు, కానీ అనుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసి ముందుకు దూకాడు.

"ఆగరా! మందు కూరిన అతిథి ఎదురుగా ఉండగా నువ్వు పేలుస్తావా? మర్యాద తెలీదూ?"

అజాత్ నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, నిజమే!"

జనం ఊరుకుంటారా! లుడ్విక్‌ను నలుగురు పట్టి లాక్కొచ్చారు.

"నాకు... నాకు అలవాటు లేదండీ."

"సిగ్గుపడకు నాయనా, ఎంత గౌరవం!" అంది ఒక ముసలమ్మ, తుపాకీ మడమ అతని భుజానికి ఆనిస్తూ.

లుడ్విక్ మొహంలో నెత్తురు చుక్క లేదు. తుపాకీ విసిరేసి పరుగందుకున్నాడు. అది నేల మీద పడింది, కొక్కెం ఊగింది, నిప్పు గొట్టం పక్కనున్న రంజకపు మందు మీదికి వంగింది. వెంట్రుకవాసిలో సాల్కిన్ వేళ్లు వత్తిని నలిపేశాయి. పదడుగుల అవతల ఇంకో ముసలమ్మ చేతికర్ర అడ్డం పెట్టింది. లుడ్విక్ బోర్లా పడ్డాడు.

మందు తోడి చూస్తే, పైన రెండు వేళ్లు మామూలు మందు, కింద నాలుగు వేళ్లు బూడిదరంగు పేలుడు పదార్థం. మూడు తలకాయలు లేచిపోయేవి. పాత తుపాకీ కదా, ప్రమాదం అనుకునేవారు.

"ఇదంతా ముందే చెప్పడానికి మీ దగ్గరికి రానిస్తే కదా! లుడ్విక్ మనుషులు నన్ను క్షణం వదల్లేదు." సాల్కిన్ కాలిన వేళ్లు ఊదుకుంది. "ఖాన్ లేడు, గీన్ లేడు. అదీ వాడు చెప్పమన్నదే. గొట్టం హెరాత్ నగరానిది, కర్ర ఎవరో ఊరి వడ్రంగి చెక్కింది, కొక్కెం ఇంకో తుపాకీది. డబ్బుల్లేనివాడెవడో మూడు ముక్కలు అతికించుకున్నాడు. మీ ముత్తాతే అయ్యుంటాడు."

అజాత్ తుపాకీ చాపాడు. "నువ్వే తీసుకో అన్నా."

కెనేష్ చెయ్యి దానంతటదే లేచింది.

"నిన్నేమో నాన్న కొండలెక్కించి అన్నీ నేర్పాడు," అన్నాడు అజాత్, ఎటో చూస్తూ. "నాకు ఇనుము చేతిలో పెట్టి పోయాడు. కడ్డీ ఎంత దిగాలో ఇవాళ్టికీ తెలీదు. నిన్ను చూసి పద్నాలుగేళ్లుగా కుళ్లి చస్తున్నా, తెలుసా?"

కెనేష్ తుపాకీని తమ్ముడి ఒళ్లోనే పెట్టి పక్కన చతికిలబడ్డాడు. "కడ్డీ అందుకో. నేర్పుతా."

అంతలో హెలికాప్టర్ దిగింది. సాల్కిన్ పరుగెత్తి వెళ్లి కాలిన వేళ్లు పైలట్ ముందు చాపింది. బట్టతల, బానపొట్ట. అతను వాటిని సుతారంగా ఊదాడు. ఆమె తల అతని భుజం మీద వాల్చింది. హెలికాప్టర్ లేచింది.

అన్నదమ్ములిద్దరికీ మొదటిసారి ఒకే మనిషిని చూసి కడుపు మండింది.