పదింతల బంగారం

మడికొండ దాటాక కొరియర్ వ్యాన్ డ్రైవర్‌ని ఎవరో కాల్చి చంపారు. వ్యాన్‌లోని సీసపు పెట్టె మాత్రం, సీలుతో సహా, చెక్కుచెదరలేదు.

"ఏమీ పోలేదంటే ఏదో మారిందన్నమాట," ఫోన్‌లో ఇంటెలిజెన్స్ చీఫ్ రాజేశ్వర్ రావు గొంతు. "పెట్టెలో రేడియోధార్మిక బంగారు నానోకణాలున్నాయి. కేన్సర్ గడ్డలోకే ఎక్కిస్తారు. లోపలి నుంచి గడ్డను కాలుస్తాయి, చుట్టూ ఉన్న కండ జోలికి పోవు. వరంగల్‌లో ఇవాళే మొదటి ట్రయల్. దాన్ని చెడగొట్టాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది. పెట్టెను కావాలనే ఆస్పత్రికి పోనిచ్చాం. లోపలున్న వాళ్ల మనిషిని పట్టుకో. వాళ్లు మార్చిన మందు మాత్రం పేషెంట్‌కి ఎక్కకూడదు."

"మనవాళ్లెవరు సార్?"

"మెహ్జబీన్. ముఠా కూడా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఎవరి మనిషో నాకూ తెలీదు."

గంటలో ఏజెంట్ ఇస్సాకు వార్డ్‌బాయ్ యూనిఫామ్‌లో ఆస్పత్రిలో ఉన్నాడు. లిఫ్ట్ దగ్గర రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ మెహ్జబీన్. చూపు తిప్పుకోనివ్వని అందం.

"కాశిబుగ్గల జంపఖానాలు దొర్కుతయా మేడమ్?"

"దొర్కుతయ్. రంగు నిలువది."

కోడ్ కలిసింది. నమ్మకం కలగలేదు.

స్ట్రెచర్ మీద ట్రయల్‌లో మొదటి పేషెంట్, నెక్కొండ నుంచి వచ్చిన బడేబీ. మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ. "బేటా, సూది జర మెల్లగ ఎయ్యమను," అంటూ ఇస్సాకు చెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

ప్రొసీజర్ రూమ్‌లో మెహ్జబీన్ సిరంజిని మీటర్‌తో కొలిచింది. "నార్మల్."

ఇస్సాకు జేబులో పెన్ను వణికింది. అందులోని డిటెక్టర్ ప్రకారం మందు పదింతలు! ఎక్కితే గడ్డతో పాటు మనిషీ మిగలదు.

మెహ్జబీన్ వైపు తిరిగాడు. ఆమె చెయ్యి కోటు జేబులో ఉంది. పిస్తోలు ఆకారం కనబడుతూనే ఉంది.

అప్పుడే డాక్టర్ సుదర్శన్ అన్నాడు, "జ్యోతీ, నువ్వే ఇచ్చెయ్."

ట్రయల్ ఆయనదే. ఏళ్లుగా ఎదురుచూసిన సూదిని జూనియర్ చేతికిచ్చి, తను సీసపు తెర వెనక్కి పోతున్నాడు. మీటర్ నార్మలంటే అంత భయమెందుకు?

సూది చర్మాన్ని తాకబోతుండగా ఇస్సాకు స్ట్రెచర్‌ని బలంగా తోశాడు. బడేబీ గోడదాకా జారిపోయింది. సుదర్శన్ తలుపు వైపు దూకాడు.

"ఆగుండ్రి డాక్టర్ సాబ్." మెహ్జబీన్ పిస్తోలు అతని నుదుటికి ఆనింది. "నా మీటర్ తప్పు చూపెట్టేటట్టు చేసింది ఎవరా అని పొద్దుటి సంది చూస్తాన. అందుకే తెలిసి గూడ నార్మలన్న."

దారిలో ముఠా మార్చేసిన అసలు మందు సుదర్శన్ కారులో దొరికింది. అన్ని పరీక్షలూ చేశాక, సాయంత్రం జ్యోతి దాన్నే బడేబీకి ఎక్కించింది. మెల్లగా.

చీఫ్ మళ్లీ ఫోన్ చేశాడు. "ఇంతకీ మెహ్జబీన్‌ని నమ్మొచ్చా?"

"నమ్మొచ్చు సార్. ఆమెనే నన్ను నమ్ముతలేదు. నా ఐడీ కార్డు గుంజుకపోయి ఇంకా చెక్ చేస్తాంది."