కొండ మీద బేబీ పేరు

బేబీ మూడో అక్షరం మొదలుపెట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

ఆ కొండ మీద రాళ్లు పైన నల్లగా, అడుగున తెల్లగా ఉన్నాయి. తిరగేస్తే చాలు, పలక మీద సుద్దతో రాసినట్టే కనిపిస్తున్నాయి. ఇంగ్లీషులో బి, ఏ అయిపోయాయి.

కొండ కింద మేడలో వాళ్ల అమ్మ పేరమ్మ వంట చేస్తుంది. బేబీ లేవకముందే పనికి వెళ్లి, చీకటి పడ్డాక ఇంటికొస్తుంది. ఆ వంటింటి కిటికీలోంచి ఈ కొండ కనిపిస్తుందని ఒకసారి చెప్పింది. రోజూ తన పేరు అమ్మకి కనబడాలని బేబీ ఆశ.

ఈ శుక్రవారం అమ్మకి ఒంటిపూట పని. ఆమెని తీసుకెళ్లడానికి నాన్న మంగరాజుతో కలిసి బేబీ, గల్ఫ్‌లో తాముండే అల్ ఐన్ ఊరి నుంచి పికప్‌లో వచ్చింది. నాన్న బండిలోనే కునుకు తీస్తున్నాడు.

కొండ చుట్టూ తీగల కంచె ఉంది. లోపలికి రాకూడదని బోర్డూ ఉంది. బేబీ దాన్ని చదివింది. అది మంటలు వేసి చెత్త పారేసేవాళ్ల కోసమేలే అనుకుంది. తనేమీ విరగ్గొట్టదు, ఏమీ పట్టుకెళ్లదు.

"బేటీ" అని ఎవరో పిలిచారు.

కాపలా కాసే పఠాన్, అమీర్ జాన్. ఆయన తిట్టలేదు. ఏం రాస్తున్నావని హిందీలో అడిగాడు. తన పేరని చెప్పింది. ఆయన తెల్లరాళ్ల పక్కన కూర్చుని, వీటి కింద ఉండేవాళ్లు ఎటు పోయారో అన్నాడు.

రాళ్ల కింద ఎవరుంటారు? బేబీకి ఏమీ అర్థం కాలేదు.

అమీర్ జాన్ ఒక నల్లరాయి అంచు కొంచెం ఎత్తాడు. కింద నేల చెమ్మగా ఉంది. గోరంత మొలక ఉంది. దాని పక్కన వేలెడైనా లేని బల్లి వెలుతురుకి ముడుచుకుపోయింది. ఆయన రాయిని మెల్లగా దించాడు. తర్వాత బేబీ తిప్పిన చోటు చూపించాడు. అక్కడ చెమ్మ లేదు. మొలక వాడి నేలకి అతుక్కుపోయింది.

బేబీ గబగబా లేచి, అటూ ఇటూ పరిగెడుతూ రాళ్లన్నీ మళ్లీ నల్లవైపు పైకి తిప్పేయసాగింది.

"రుకో" అంటూ ఆగమన్నాడాయన, ఈసారి గట్టిగా. ఆమె కాళ్ల కింద ఇంకో నాలుగు రాళ్లు కదిలిపోయి ఉన్నాయి.

బేబీ బిక్కమొహం వేసింది. రాయడమూ తప్పే, సరిచేయడమూ తప్పేనా?

ఆయన ఒక రాయి తీసుకుని, నేల మీద దాని గుంట వెతికి, అందులో అమర్చాడు. అది కదలకుండా కూర్చుంది. దాని గుంటలో మరో రాయి పట్టదని చూపించాడు. ఇద్దరూ ఒక్కొక్క రాయే సర్దారు. మూడో అక్షరం పోయింది. తర్వాత ఏ, ఆ తర్వాత బి.

అప్పటికి అమ్మ వచ్చి కంచె అవతల నిలబడి ఉంది.

"అమ్మా, కిటికీలోంచి నా పేరు కనబడిందా?"

"నీ పేరా? ఎవరో బట్టలారేసేరనుకున్నానే. నాకు ఇంగ్లీషు వచ్చా ఏంటి?"

బేబీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సంగతి తనకెందుకు తట్టలేదు?

"మరి రాసిందాన్ని సెరిపేత్తన్నావేం?"

"కింద బల్లులున్నాయమ్మా."

అమ్మ ఆమె మొహంలోకి చూసి, బండి వైపు నడిచింది.

ఐదు రాళ్లకి చోటు దొరకలేదు. అమీర్ జాన్ వాటిని ఉన్నచోటే వదిలేయమన్నాడు. వెతకబోతే ఇంకొన్నిటిని తొక్కేస్తామట. చేతిలో ఉన్న రాయిని బేబీ నల్లవైపు పైకి వచ్చేలా కింద పెట్టింది. మనసు మాత్రం కుదుటపడలేదు.

నాన్న హారన్ కొట్టాడు. బండి సూటిగా కిందే ఉంది. నేరుగా దిగితే రెండు నిమిషాలు.

బేబీ వాలంతా చూసింది. తను ఎక్కినప్పుడు పడిన అడుగులు వంకరటింకరగా కనిపిస్తున్నాయి. మొదటి దాంట్లో కాలు పెట్టింది. తర్వాతది వెతికి, అందులో పెట్టింది.

మళ్లీ హారన్ మోగింది. బేబీ వంగి, మూడో అడుగు కోసం వెతికింది.