ఇప్పవాగు కల్వర్టు కాడ ఫోటో అడిగే మనిషి

ఏన్కూరు దాటి అడవిలోకి పోయే దారిలో ఇప్పవాగు కల్వర్టు ఉంది. పొద్దుగూకిందంటే దాని మీద ఎవరూ ఆగరు. బీడీ ముట్టించుకోవాలన్నా, చెప్పులో రాయి దులుపుకోవాలన్నా ఇవతలే కానిచ్చుకుని, చూపు పక్కకు తిప్పకుండా దాటేస్తారు.

ఎందుకంటే... అక్కడ ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుందట. పిట్టగోడ మీద, వాగు వైపు వీపు పెట్టి. దగ్గరికి రాగానే ఒకటే మాట అడుగుతుందట.

“ఫోటో తెచ్చినవా?”

అంతే. మీద పడదు. వెంట రాదు.

సారపాక కాగితం మిల్లుకు వెదురు లారీ తోలే పోతయ్యకు ఆ మాట వినపడ్డది. నోటి దురుసు మనిషి. ఫోటో గావాల్నంటే ఏన్కూరు పో, ఆడ స్టూడియో ఉన్నది అని నవ్వి గేరు మార్చాడట. మిల్లు గేటు దాకా లారీ ఎక్కడా ఆపలేదని క్లీనర్ చెప్పాడు. తర్వాత ఎవరు ఎన్ని రకాలుగా అడిగినా పోతయ్య చెప్పింది ఒక్కటే—ఆమె చాలా మర్యాదగా అడిగింది, అందుకే భయమేసిందని.

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అడవి కూపుల్లో వెదురు కొట్టి బతికినవాణ్ని. పాము కరిచి పోయిన తోటి కూలీ పక్కన తెల్లారేదాకా కావలి ఉన్నవాణ్ని. మనిషిని చంపేది దెయ్యం కాదు. రోడ్డు లేక చస్తాడు, మందు లేక చస్తాడు, మొత్తుకుంటే వినేవాడు లేక చస్తాడు. ఈ మాట ఎక్కడైనా, ఎవడి ముందైనా అంటాను. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం వేరు. రామ్‌చందర్ నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతాను.

రామ్‌చందర్ మా తండావాడే. ఎనభై నాలుగు ప్రాంతంలో సారపాకలో కాంట్రాక్టు కూలికి పోయాడు. అక్కడ మిల్లు ఉద్యోగి ఒకాయన పాత కెమెరా వదిలించుకుంటుంటే ఇతను కొనుక్కున్నాడు. ఇక సెలవు దొరికితే సైకిలెక్కి అడవిలో పడడమే. గోదారి ఒడ్డు, వెదురు మోపులు, మంచులో లేచే కొంగలు. తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. చెట్టుకు ఫోటో ఎందుకురా, ఎట్లాగూ మిల్లుల పడి కాయితమే అయితది గద అని.

ఆ పిచ్చితోనే కూలిపని మానేసి, ఏన్కూరులో బసవపున్నయ్య స్టూడియోలో పని నేర్చుకోవడానికి చేరాడు. బసవపున్నయ్య కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. పనిమంతుడే, కాదనను. ఎర్రబల్బు కింద రీలు కడగడం, నెగెటివ్ మీద పెన్సిలు పెట్టి మొహం మీది మచ్చలు మాయం చెయ్యడం, తాళి కట్టే క్షణం జారిపోకుండా కాచుకోవడం, అన్నీ నేర్పాడు. వాటితో పాటు ఇంకో విద్య కూడా నేర్పాడు.

“రీలులో పన్నెండే ఉంటాయిరా. పందిట్లో ఊరంతా ఉంటుంది. పిలిచినోడికి రీలు, అడిగినోడికి వెలుగు. అర్థమైందా?”

అంటే, కెమెరా మీట నొక్కకుండా ఫ్లాష్ ఒక్కటే వెలిగించడం. కళ్ళు జిగేల్‌మనగానే ఫోటో దిగామనుకుని సంబరపడి పోతారు. తర్వాత వచ్చి అడిగితే, నువ్వు కదిలావు, సరిగ్గా పడలేదు అని చెప్పి పంపడం. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. లేనివాడు అడిగింది అరచేతంత కాయితం. దానికి మెరుపు చూపించి, తప్పు కూడా వాడిదే అనడం!

శ్రావణంలో తీజ్ పండక్కి ఇప్పవాగు అవతలి తండా పెద్ద, నాయక్, కబురు పెట్టాడు. రామ్‌చందర్ తనంతట తాను ఒంటరిగా పోయిన మొదటి పని అది. గోధుమ మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడే ఆడపిల్లలకే రీలు దాదాపు అయిపోయింది. నాయక్ ఇంటివాళ్ళ కోసమని చివరిది ఒకటి దాచుకున్నాడు.

అప్పుడు వచ్చింది మంగ్లి. సోమ్లా భార్య. చంకలో ఇంకా నడక రాని కొడుకు. పిల్లవాడికి అప్పుడే కాటుక దిద్దినట్టుంది, చెంపంతా పూసుకున్నాడు. ఆమె కొంగుతో తుడిచి, ఓణీ సర్దుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డది.

“భయ్యా, నాకూ వీనికీ కలిపి ఒకటి తియ్యి.”

గురువు నేర్పింది చేశాడు. ఫ్లాష్ వెలిగింది. ఆ వెలుగుకు పిల్లవాడు కిలకిలా నవ్వాడట.

ఎప్పుడిస్తావని ఆమె అడిగితే, ఈ దారినే తిరుగుతుంట గద, కల్వర్టు కాడ ఇస్తలే అన్నాడు.

ఆ వానల్లోనే పిల్లవాడికి జ్వరం తగిలింది. సోమ్లా, మంగ్లి చీకట్లోనే ఎత్తుకుని దవాఖానాకు బయలుదేరారు. కల్వర్టు మీద నడుముల్లోతు నీళ్ళు. వంతెన కట్టాల్సిన చోట కల్వర్టు కట్టి, అదీ పొట్టిగా కట్టి, బిల్లు ఎత్తుకుపోయిన మహానుభావుడు ఎవడో, ఆ రాత్రి ఎక్కడో వెచ్చగా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటాడు. వీళ్ళిద్దరూ గట్టు మీద కూర్చుని నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయా అని చూశారు. తగ్గాయి. అప్పటికి పిల్లవాడు లేడు.

ఆ తండా మనిషి భద్రు సంతకు వచ్చినప్పుడు ఈ కబురు చెప్పాడు. మంగ్లి ఏడవడం లేదట. ఫోటో ఉన్నది గద, నా కొడుకు మొహం యాడికి పోతది అంటున్నదట.

రామ్‌చందర్ డార్క్‌రూంలోకి పోయి తీజ్ రీలు తీశాడు. వెలుగుకు పట్టి ఒక్కొక్కటే చూశాడు. అందులో ఉండదని అతనికి తెలుసు. అయినా చూశాడు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు...

చివరికి బసవపున్నయ్యకు చెప్పుకున్నాడు. ఆయన రాక్షసుడేం కాదు, చేతిలో పెన్సిలు పక్కన పెట్టాడు. తర్వాత ఎవరూ తీసుకుపోని ఫోటోల డబ్బా వెతికి ఒక చంటిపిల్లవాడి ఫోటో బయటికి తీశాడు. ఈ ఈడు పిల్లలంతా ఒకే మాదిరి ఉంటారు, ఏడ్చి ఉన్న కళ్ళకు ఏం తెలుస్తుంది, ఇచ్చెయ్ అన్నాడు. తల్లి గూడ ఉండాలె గద సార్ అంటే, ఆవిడ పడ్డ సగం పాడైందని చెప్పమన్నాడు.

రామ్‌చందర్ ఆ ఫోటోను సంచిలో పెట్టుకున్నాడు. పెట్టుకుని చుట్టుదారిన తిరగడం మొదలుపెట్టాడు. ఎంత దూరమైనా సరే, ఇప్పవాగు వైపు మాత్రం పోడు. సంతలో భద్రు కనపడితే పక్కసందులోకి తప్పుకునేవాడు.

ఈలోపే కల్వర్టుకు పేరు పడ్డది. లారీలవాళ్ళు, బస్సులవాళ్ళు దెయ్యం దెయ్యం అంటుంటే ఇతనొక్కడే తల వంచుకుని, వింటూ పని చేసుకునేవాడు. దెయ్యం కాదని అతనికి తెలుసు. అది మంగ్లి. తను చెప్పిన చోట, తన కోసమే కూర్చుంటున్నది. దెయ్యమైతే తాయెత్తు కట్టుకోవచ్చు... దీనికేం కట్టుకుంటాడు?

మాఘమాసంలో వాగు అవతలి ఊళ్ళో పెళ్ళి. రాత్రి ముహూర్తం. పొద్దున్నే ఏన్కూరులో ఇంకో పెళ్ళికి అందుకోవాలి. చుట్టుదారిన పోతే అందదు. తెల్లారేదాకా ఉండమని పెళ్ళివారు అన్నారు కూడా. వద్దని సైకిలెక్కాడు. ఎన్నాళ్ళు తప్పించుకుంటాను, ఇచ్చేసి దండం పెడదాం అనుకున్నాడట.

చంద్రుడు లేడు. డైనమో లైటు తొక్కినంతసేపే వెలుగుతుంది. కల్వర్టు ముందు దారి ఎత్తెక్కుతుంది, పైగా కంకర. తొక్కుడు మందగించింది. వెలుగు పసుపైంది... ఎర్రబడింది... ఆరిపోయింది.

వాగు చప్పుడు.

పిట్టగోడ మీద ఎవరో ఉన్నారు.

“తెచ్చినవా భయ్యా?”

గుసగుసలాగా ఉంది. కోపం లేదు. అతను సైకిలు దిగాడు. సంచిలో చెయ్యి పెట్టి ఫోటో తీసి, సైకిలును నడుముకు ఆనించుకుని, ఫోటోను వేళ్ళ సందున పట్టుకునే అగ్గిపుల్ల గీశాడు. ఫోటో ఎక్కడుందో అక్కడికే వెలుగు పట్టాడు. ఆమె మొహం వైపు ఎత్తలేదు. ఎత్తలేకపోయానని నాతో అన్నాడు.

పుల్ల సగం కాలింది.

“ఈ పిల్లగాడు... బతికే ఉన్నడా?”

ఆ మాటకు అతని దగ్గర అబద్ధం తయారుగా లేదు.

“ఉన్నడు.”

“గట్లయితే వాళ్ళమ్మకియ్యి.”

వేలు చురుక్కుమంది. పుల్ల కిందపడి ఆరిపోయింది. ఆ చీకట్లో రామ్‌చందర్ ఉన్నదంతా చెప్పేశాడు. ఆ రోజు మీట నొక్కలేదని, ఉత్త వెలుగే కొట్టానని, నీ కొడుకు నా దగ్గర లేడని, ఎక్కడా లేడని. చెబుతూ చెబుతూ కంకర మీద కూలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. రాయి తీసి కొట్టినా తలవంచి కూర్చునేవాడే.

“ఇప్పుడు తియ్యి.”

కెమెరాలో ఒకటి మిగిలి ఉంది. చీకట్లో తడుముకుంటూ ఫ్లాష్ తగిలించాడు. అది సన్నగా కీచుమంటూ నిండుతుంటే, పక్కన బట్ట సర్దుకున్న చప్పుడు వినపడ్డది. గాజులు కదిలిన చప్పుడు. కెమెరా కంటికి పెట్టుకున్నాడు, అంతా నలుపే. ఈసారి మీటనే నొక్కాడు. గట్టిగా నొక్కాడు.

వెలుగు పడ్డ క్షణంలో కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి చీకటి. మంగ్లీ అని పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. వాగు తప్ప ఎవరూ పలకలేదు.

స్టూడియోకు చేరి, చెప్పులు కూడా విప్పకుండా రీలు కడిగాడు. కాగితం మందులో వేశాడు. ఎర్రబల్బు కింద తెల్లకాగితం మీద మెల్లగా పిట్టగోడ తేలింది. గోడ పక్కన ఎండుగడ్డి. గడ్డి వెనక దారి. ఇంకా కదుపుతూనే ఉన్నాడు. గడ్డిపోచలు ఒక్కొక్కటీ విడివిడిగా వచ్చాయి. గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటు కూడా వచ్చింది.

మనిషి రాలేదు.

పొద్దున బసవపున్నయ్య చూసి కొట్టిపారేశాడు. చీకట్లో గురి తప్పావు, ఆవిడ పక్కన కూర్చుని ఉంటుంది, నువ్వు గోడకు తీశావు, ఇంత దానికి మొహం అట్లా పెడతావేంటి అన్నాడు. ఆ మాట రామ్‌చందర్‌కు పట్టుకోవడానికి కొమ్మ దొరికినట్టయింది. నిజమే కావచ్చు. కొడుకును ఇవ్వలేడు. తల్లినైనా పట్టపగలు కూర్చోబెట్టి సరిగ్గా తీసి ఇవ్వొచ్చు.

ఆ రోజు పెళ్ళి ముగించుకుని, మర్నాడు కొత్త రీలు వేసుకుని ఆ తండాకు పోయాడు. గోడ పడ్డ ఆ ఫోటో జేబులోనే ఉంది. ఎందుకు పెట్టుకున్నాడో అతనికే తెలియదు.

సోమ్లా కూలికి పోయాడు. సోమ్లా తల్లి గోరి ఇంటి ముందు కూర్చుని రవికె గుడ్డకు అద్దాలు కుడుతున్నది. మంగ్లి ఏదని, ఫోటో తీసిపోదామని వచ్చానని చెప్పాడు.

గోరి సూది ఆపలేదు.

“ఇంకెక్కడి మంగ్లి బిడ్డా? ఆ వానల్లనే, కొడుకు పోయిన వారానికే, అదే జ్వరంల తనూ పాయె.”

రామ్‌చందర్ చెయ్యి జేబు మీదికి పోయింది. ఎందుకు పోయిందో... గోరి ఆ చేతినే చూసింది.

“పోయేముందు, ఫోటో నీ కాడ ఉన్నదని చెప్పింది. ఇద్దరం ఉన్నం అందుల, తెస్తడు, ఇంట్ల పెట్టుకో అన్నది.” చెయ్యి చాపింది. “ఇటియ్యి, చూస్త.”

లేదు యాడీ, అది కాదు, అందులో ఏమీ లేదు, అని చెప్పాలి. యాడీ అని, అమ్మా అని పిలిచేంత వయసు మనిషి ఎదురుగా చెయ్యి చాపి ఉంటే ఆ నాలుగు మాటలు అనలేకపోయాడు. అతనివ్వలేదు, ఆపనూ లేదు. గోరి జేబులోంచి తనే తీసుకుంది.

చూపు ఆనని మనిషి అనుకోవడానికి లేదు. అప్పటిదాకా ఆవగింజంత సూదిబెజ్జంలో దారం ఎక్కిస్తున్న మనిషి. కాగితాన్ని ఎండకు తిప్పి పట్టుకుంది.

రామ్‌చందర్ ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. పిట్టగోడ. ఎండుగడ్డి. దారి.

గోరి బొటనవేలితో గోడ మీద మెల్లగా నిమిరింది.

“అవ్... ఇద్దరున్నరు” అన్నది. “పిల్లగాడు పండుకున్నడు.”