రంపం కొరికిన కుర్చీ

ఆదివారం పొద్దున వడ్రంగి మేస్త్రి ఇంట్లో అందరికన్నా ముందు లేచింది కుందేలు, దాని వెనకే పన్నెండేళ్ల కూతురు. నాలుగు నెలల కుందేలు పిల్ల. దాని పళ్ల పనితనం చూసి మేస్త్రే దానికి 'రంపం' అని పేరు పెట్టాడు. పిల్ల దాన్ని కాసేపు తిరగమని వదిలి, వెనక వసారాలో దాని గూడు ఊడ్చుకుంటోంది. మేస్త్రి నిద్రకళ్లతో ముందుగదిలోకి వచ్చేసరికి, కుట్టుమిషను దగ్గరున్న కొత్త కుర్చీ కాలు సగం మందం హరించుకుపోయి ఉంది. పక్కనే రంపం ఏమీ ఎరగనట్టు మూతి తుడుచుకుంటోంది.

అది మామూలు కుర్చీ కాదు. మేస్త్రి భార్య పదిహేనేళ్లు ముక్కాలిపీట మీద కూర్చుని బట్టలు కుట్టి నడుం పోగొట్టుకుంది. ఊరందరికీ కుర్చీలు చేసిపెట్టే మొగుడు తనకొకటి చేసేసరికి ఆమె జుట్టు నెరిసింది. ఆ కుర్చీ ఇంటికొచ్చి ఇవాళ్టికి మూడో రోజు.

"ఏవండీ, నా కుర్చీ చూశారా! మీ కూతురు ఆ కుందేల్ని ముద్దు చేసి నెత్తికెక్కించుకుంది" అంటూ ఆమె నేల మీద కూలబడింది.

మేస్త్రి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఇక లాభం లేదు. మా అక్కకి ఫోన్ చేస్తున్నా. వాళ్ల పెరట్లో బోలెడు జాగా. ఇవాళే వచ్చి పట్టుకెళ్తుంది."

"నాన్నా, ఒక్క వారం ఆగు" అంది కూతురు, చీపురుతోనే పరుగెత్తుకొచ్చి.

"నెల నుంచీ ఆ ఒక్క వారమే నడుస్తోంది."

నిజం చెప్పాలంటే ఆ నెలంతా పిల్ల చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కుందేలు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయనీ, కొరకొద్దంటే మానదనీ, కొరకదగినవి దానికి మనమే చూపించాలనీ పశువుల డాక్టర్ని అడిగి తెలుసుకుంది. వైర్లన్నీ ప్లాస్టిక్ గొట్టాల్లోకి దూర్చింది. కర్టెన్లు పైకి కట్టింది. రోజంతా ఎండుగడ్డి అందేలా పెట్టి, పాత అట్టపెట్టెలు ఇచ్చింది. ఏదైనా కొరుకుతుంటే కసరకుండా ఎత్తుకెళ్లి గడ్డి దగ్గర దింపేది. ఏ రోజు ఏ పూట ఏది కొరికిందో నోటుబుక్కులో రాసేది. "కుందేలుకి హాజరుపట్టీనా?" అని మేస్త్రి నవ్వాడే తప్ప తెరిచి చూడలేదు. వైర్ల గొడవ వదిలింది, కర్టెన్ల గొడవ వదిలింది. చెక్కల గొడవే వదల్లేదు.

పది గంటలకల్లా అక్క మూతబుట్టతో దిగింది. "ఏమే కోడలా, నీ కుందేలు ఇల్లు పీకి పందిరేస్తోందట! ఏదీ, ఇలా పట్రా."

కూతురు గూటికి అడ్డంగా నిలబడింది. ఎడమచేతిలో నోటుబుక్కు, కుడిచెయ్యి పిడికిలి.

"అత్తా, ఇది అన్నీ కొరకదు. ఇనప మంచం ముట్టుకోలేదు. కొన్న బల్ల ముట్టుకోలేదు. ఈ నెలలో కొరికిన చెక్కసామాను తొమ్మిది. తొమ్మిదీ నాన్న చేసినవే."

"అంటే నా పని మీదే వంక పెడుతున్నావా?" గర్జించాడు మేస్త్రి.

"వంక కాదు నాన్నా. బయటివాళ్లకైతే పాలిష్ పెడతావు. ఇంట్లోవాటికి పెట్టవు కదా. అన్నింటికీ ఒకటే చెక్క వాసన. అందుకే వెతుక్కుంటూ వెళ్తోంది."

అది నిజమే. సొంత ఇంటికి పాలిష్ పెట్టే తీరిక ఆయనకెప్పుడూ దొరకలేదు. అయినా తగ్గలేదు. "వాసనొస్తే కొరికేయాలా? ఆ చెక్క కొరకడానికేనని దానికి చెప్పిందెవరు?"

పిల్ల నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

"తెలుసా నీకు?" అంది అత్త.

"తెలుసు. చెప్పను."

"చెప్పకపోతే కుందేలు నాతో వచ్చేస్తుంది మరి."

పిల్ల కళ్ల వెంట నీళ్లు జారాయి. పిడికిలి మాత్రం విప్పలేదు. "తీసుకెళ్లు అత్తా" అని పక్కకు జరిగింది.

అప్పుడు కనిపించింది మేస్త్రికి, ఆ వేళ్ల సందులోంచి చిన్న చెక్కముక్క అంచు. దాని మీద పెన్సిలుతో రెండు గీతలు. కోతకు ముందు అలా జంటగీత గీసే చెయ్యి ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది.

అది ఆయన చెయ్యే. రోజూ సాయంత్రం కొట్టు నుంచి వస్తూ, మిగిలిన ముక్కొకటి, పెచ్చు గుచ్చుకోకుండా అంచులు నున్నగా రుద్ది, జేబులో వేసుకొచ్చేవాడు. ఎవరూ చూడకుండా గూట్లోకి అందించేవాడు. రంపం వచ్చి వేళ్ల మధ్యనుంచి దాన్ని అందుకునే ఆ ఒక్క నిమిషం కోసం పగలంతా ఎదురుచూసేవాడు. భార్య కుర్చీ కూడా ఆ చెక్కే.

"అక్కా, బుట్ట కింద పెట్టు. దానికి నేర్పింది నేనే" అన్నాడు గొంతు తగ్గించి. జరిగిందంతా చెప్పాడు.

"మీరా! పొద్దస్తమానం దాన్ని తిట్టేది మీరే కదండీ!" అంది భార్య.

"తిట్టేది మీ ముందు" అన్నాడు తేలు కుట్టిన దొంగలా. అంత కోపంలోనూ ఆమెకు నవ్వాగలేదు.

ఆయన కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఎప్పుడు తెలిసింది తల్లీ?"

"ఇందాకే. గూడు ఊడుస్తుంటే గడ్డి కింద దొరికాయి."

"మరి చెప్పలేదేం? ప్రాణంలా పెంచుకున్నావు, పోతుందని తెలిసి కూడా?"

"అత్త ముందు నువ్వు చిన్నబోతావని."

మేస్త్రి కళ్లు నిండిపోయాయి. ఆ నీళ్లు తుడుచుకోకుండానే అక్కవైపు తిరిగాడు. "ముప్ఫై ఏళ్లుగా చెక్క చేతబట్టి బతుకుతున్నానక్కా. కొరికిందని అరిచానే గానీ, ఎందుకు కొరికిందని ఒక్కనాడూ అడగలేదు. ఈ పిల్ల అడిగింది, చూసింది, పట్టుకుంది. పట్టుకున్నాక తండ్రి పరువు కోసం నోరు మూసుకుంది. ఇంతకన్నా ఏం కావాలి నాకు!"

అక్క బుట్ట కింద పెట్టింది. మేనకోడల్ని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టింది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావో చెప్పు" అన్నాడు మేస్త్రి.

పిల్ల ముక్కు ఎగబీల్చి లెక్కగా చెప్పింది. "కొట్టు ముక్కలు ఇక తేకూడదు. డాక్టర్ గారు చెప్పిన జామ కొమ్మలు తేవాలి, గడ్డి పక్కనే పెట్టాలి. దానికి అలవాటు తప్పేదాకా కుట్టుమిషను గదికి అడ్డం కట్టాలి. అమ్మ కుర్చీకి ఇవాళే కొత్త కాలు వెయ్యాలి."

ఆయన లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"అలాగే, మేస్త్రీ" అన్నాడు.

ఆయన వేళాకోళమాడుతున్నాడేమోనని పిల్ల మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. తనకు పని నేర్పిన గురువును తప్ప ఆయన ఇంకెవర్నీ ఆ మాటతో పిలవలేదు.